ఏడో నంబరు ముద్ర

ఆఫీసులో ఆయనకి పేరు లేదు. ఎదురుగా ఉంటే సార్, వెనక్కి తిరిగితే ఎర్రసిరా. దేశమంతటికీ ఒకటే అయిన ఆ నేరపరిశోధన శాఖలో పదకొండు మంది దర్యాప్తు అధికారులు రాసిందల్లా చదవడం, తప్పులు పట్టడం, బాగుంటే సంతకం పెట్టి పైకి పంపడం ఆయన ఉద్యోగం. ఒకప్పుడు దొంగల వెంట పరిగెత్తినవాడే. పర్యవేక్షకుడయ్యాక దొంగలు కనపడటం మానేశారు, వాళ్ళ గురించిన కాగితాలు మిగిలాయి. ఆ కాగితాల్లో ఒక్క గడి ఖాళీగా కనిపించిందా, చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి కట్ట మొత్తం వెనక్కి పంపేవాడు. ఖాళీ వదిలితే అందులో ఎవడో ఒకడు వచ్చి కూర్చుంటాడయ్యా అనేది ఆయన మాట. కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటిరోజే ఆ మాట వినిపించేవాడు. వాళ్ళు బయటికెళ్ళి ఒకరికొకరు వినిపించుకుని నవ్వుకునేవాళ్ళు.

సోమవారం పొద్దున మందుల గిడ్డంగి కేసు కట్ట ఆయన బల్ల మీదికి వచ్చింది. మూడువందల పన్నెండు పేజీలు. గడువు దాటిన ఇంజక్షన్ సీసాలకు కొత్త చీటీలు అంటించి ప్రభుత్వ ఆసుపత్రులకు పంపిన కేసు అది. గిడ్డంగి గుమాస్తా ఎనభై ఆరు రోజులుగా జైల్లో ఉన్నాడు. తొంభై రోజుల్లోగా ఛార్జిషీటు పడకపోతే అతన్ని లోపల ఉంచే హక్కు శాఖకు పోతుంది. తొంభయ్యో రోజు శుక్రవారం. పడిందంటే మాత్రం విచారణ తేలేదాకా, మూడేళ్ళో నాలుగేళ్ళో, అతను గోడలు చూస్తూ కూర్చోవలసిందే. ఛార్జిషీటు పడాలంటే ఎర్రసిరా సంతకం పడాలి.

ఆయన గదికి కిటికీ లేదు. ఉన్న ఒక్క వెంటిలేటర్‌కీ అవతల పక్కగది ఏసీ యంత్రం బిగించారు, అది రోజంతా గురక పెడుతుంది. తలుపు పూర్తిగా మూసుకోదు, పూర్తిగా తెరుచుకోదు. ఆ సందులోంచి వరండాలో బెంచీ మీద గుమాస్తా అక్క కనిపిస్తుంది. యాభై దాటిన మనిషి. బట్టలు కుట్టి బతుకుతుంది. ఒళ్ళో సంచి, సంచిలో తమ్ముడికి ఉతికి మడతపెట్టిన చొక్కాలు. జైలువాళ్ళు వారానికొక్కసారే తీసుకుంటారు కాబట్టి మిగతా రోజులు ఇక్కడికి వచ్చి కూర్చుంటుంది. ఎవర్నీ ఏమీ అడగదు. ఎర్రసిరా బయటికి వస్తే లేచి నిలబడుతుంది, ఆయన దాటిపోయాక కూర్చుంటుంది. ఆ లేవడం చూస్తే ఆయనకి ఎక్కడలేని చిరాకు. కూర్చోమ్మా అని రెండుసార్లు కసిరాడు కూడా.

కేసు దర్యాప్తు చేసింది మెరుపు. అందరికంటే ముందు పని ముగిస్తాడని ఆ పేరు. పదేళ్ళుగా ఆయన కిందే ఉన్నాడు, ఆయన చేతిలోనే తయారయ్యాడు, ఆయన రాసినట్టే రాస్తాడు. ఒక్క గడి ఖాళీ లేదు. పేజీలు తిప్పుతూ ఎర్రసిరా లోలోపల మురిసిపోయాడు. మధ్యాహ్నం రెండింటికి నూట నలభయ్యో పేజీలో పంచనామా వచ్చింది. పన్నెండో తేదీ సాయంత్రం నాలుగింటికి గుమాస్తా బీరువాలో దొరికిన కాగితాలను గుడ్డసంచిలో పెట్టి, అక్కడికక్కడే లక్క కరిగించి, ఏడో నంబరు ఇత్తడి ముద్ర వేసినట్టు రాసి ఉంది. ఆ కాగితాల్లో ఒకటి విడుదల చీటీ. గడువు దాటిన సరుకు బయటికి పోవచ్చని గుమాస్తా పొడి సంతకం ఉన్న చీటీ. కేసంతా దాని మీదే నిలబడింది. అది తీసేస్తే గుమాస్తా మీద ఇంకేమీ లేదు.

ఏడో నంబరు అన్నచోట ఆయన పెన్ను ఆగింది. కుడిచేతి బొటనవేలు వైపు చూసుకున్నాడు. కణుపు దగ్గర గింజంత తెల్లమచ్చ. ఏడో నంబరు ముద్ర పిడి పగిలితే ఎవరో దారం చుట్టారు. ఆ దారం ఊడి, పట్టు జారి, మరిగే లక్క ఆ వేలి మీద పడింది. ఎక్కడ? రెండువందల మైళ్ళ అవతల రేవు ఊళ్ళో, మనుషులు చాలక ఆయన స్వయంగా చేసిన సోదాలో. ఎప్పుడు? ఆ పన్నెండో తేదీ సాయంత్రమే. ముద్ర ఆయన చేతిలో ఉంటే గిడ్డంగిలో లక్క మీద పడిందేమిటి? చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరూ చేసేదేగాని, మూడు నెలలయ్యాక కాలిన వేలు సాక్ష్యం చెబుతుందని ఆయన అనుకోలేదు.

సాక్ష్యాల గది నేలమాళిగలో ఉంది. దాని తాళాలన్నీ పాతికేళ్ళుగా ఒకే మనిషి దగ్గరుంటాయి. ఆమెని అందరూ తాళాలమ్మ అంటారు, ఆమె కూడా పలుకుతుంది. ముద్రల రిజిస్టరు అడిగితే ఏ పేజీ అని అడగకుండానే ఆ నెల పేజీ తీసి ఆయన ముందు పెట్టింది. ఏడో నంబరు పదకొండో తేదీ పొద్దున తీసుకున్నారు, పద్నాలుగో తేదీ పొద్దున తిరిగిచ్చారు. రెండుచోట్లా ఎర్రసిరా సంతకం. ఆ పద్నాలుగు సాయంత్రమే మళ్ళీ అరగంటకోసం తీసుకున్నది మెరుపు. అంటే సంచికి లక్క పడింది పన్నెండున కాదు, పద్నాలుగున. ఆయన తలెత్తి చూశాడు. మీరు వస్తారేమోనని చూస్తున్నాను సార్, అందామె, చెప్పడం నా పని కాదుగా.

గదికి తిరిగొచ్చి ఆయన మెరుపు దర్యాప్తు డైరీ తెరిచాడు. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. పన్నెండున ఏడో నంబరు ముద్ర వేసినట్టు అందులోనూ ఉంది. ప్రతి పేజీ అడుగునా ఎర్రసిరాతో ‘చూశాను’ అని, కింద తన సంతకం. అన్నీ పదిహేనో తేదీ పొద్దున చదవకుండా ఒక్క ఊపులో పెట్టినవి. ఆ మధ్యాహ్నం భార్యకి కంటి ఆపరేషన్. దొంగకి తేలు కుట్టినట్టయింది. అరిస్తే తనే దొరుకుతాడు.

మంగళవారం జైలుకి వెళ్ళాడు. ములాఖత్ గదిలో బల్లని నేలకి బోల్టులతో బిగించారు, కుర్చీ దగ్గరికి లాక్కుందామంటే కదలదు. గుమాస్తా సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు ఒక కాడకి గుడ్డపీలిక కట్టుకుని వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఎవరు వచ్చారో తెలుసుకుని నమస్కారం పెట్టి, ముందుగా, గిడ్డంగి చల్లగది ఉష్ణోగ్రత ఇప్పుడు ఎవరు రాస్తున్నారని అడిగాడు. రోజుకి మూడుసార్లు రాయాలట, లేకపోతే టీకాలు చెడిపోతాయట. ఎర్రసిరా జేబులోంచి పెన్ను తీశాడు. సోదా రోజు సంగతి చెప్పమన్నాడు.

“సంచికి ముడి వేశారు సార్. లక్క వెయ్యలేదు,” అన్నాడు గుమాస్తా. “నేనే అడిగాను. సీలు లేని పెట్టె నేను గిడ్డంగిలోకి తీసుకోను, పాతికసార్లు లారీలు వెనక్కి పంపాను, మేనేజరుగారు దానికే నామీద మండిపడేవారు. అలవాటుకొద్దీ అడిగేశాను. నోరు మూసుకోమన్నారు.”

సంచి ఎక్కడ పెట్టారని అడిగాడు ఎర్రసిరా.

“జీపు నిండా సీసాల పెట్టెలున్నాయని మేనేజరుగారి బీరువాలోనే పెట్టారు. ఆయనే తాళం వేసుకున్నారు.”

ఆ విడుదల చీటీ తన బీరువాలో ఎప్పుడూ లేదని, ఈ మాటలన్నీ మొదటిరోజే చెప్పానని గుమాస్తా అన్నాడు. అతని వాంగ్మూలంలో ఈ ముక్క ఒక్కటీ లేదు. ఆ మేనేజరు ఇప్పుడు కేసులో ఒకటో నంబరు సాక్షి. ఎర్రసిరా లేవబోతుంటే గుమాస్తా మళ్ళీ ఆపాడు. ఉష్ణోగ్రత సంగతి ఎవరికైనా ఒక ఫోను చేస్తారా సార్ అన్నాడు. చేస్తానన్నాడు. బయటికొచ్చి జీపులో కూర్చున్నాక నిజంగానే చేశాడు. అవతల ఎవరూ ఎత్తలేదు.

బుధవారం మెరుపుని పిలిచి తలుపు వేయమన్నాడు. అది సగమే పడింది. రిజిస్టరు పేజీ నకలు ముందుపెడితే మెరుపు చదివి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బొంకలేదు. అదొక్కటి మెచ్చుకోవాలి. ఆ రోజు హడావుడిలో ముద్ర తీసుకెళ్ళడం మరిచిపోయానని, పద్నాలుగున సంచి తెప్పించి లక్క వేశానని చెప్పాడు. మధ్యలో మేనేజరు సంచి విప్పాడో లేదో తనకి తెలియదన్నాడు. విప్పి ఉండడనే అనుకున్నానన్నాడు.

“ఉన్నదున్నట్టు రాస్తే నీ సొమ్మేం పోయిందిరా?” అన్నాడు ఎర్రసిరా.

“ముద్ర గడి ఖాళీగా పెడితే మీరు ఊరుకుంటారా సార్? మొదటి ఏడాది నా కట్టలు తొమ్మిదిసార్లు వెనక్కి పంపారు. అందరిముందూ చదివి వినిపించారు. పదోసారి నుంచి నేను ఖాళీ ఉంచడం మానేశాను.” రిజిస్టరు నకలు వెనక్కి జరిపి అన్నాడు, “మీకు కావలసింది నిండిన గడి. నిజం కావాలని మీరెప్పుడూ అడగలేదు.”

ఎర్రసిరాకి ఒళ్ళు మండింది. చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. ఎవరి చెంప అన్నదే తేలక కుర్చీలో అలాగే కూర్చున్నాడు. మెరుపు వెళ్ళిపోతూ, తన పిల్లలింకా చిన్నవాళ్ళని మాత్రం అన్నాడు. అవతల ఏసీ గురక పెడుతూనే ఉంది.

మధ్యాహ్నం పెద్దసారు దగ్గరికి వెళ్ళాడు. పెద్దసారు అంటే హోదాలో పెద్ద, వయసులో ఎర్రసిరా కంటే పదేళ్ళు చిన్న. మర్యాదస్తుడు. కాఫీ తెప్పించాడు. అంతా విని, కప్పు కింద పెట్టి, మీరు ఇంకా పదకొండు నెలల్లో దిగిపోతారు కదండీ అన్నాడు. సంచి రెండు రోజులు సీలు లేకుండా ఉందని తేలితే కేసు కూలుతుంది, సాక్షిగా పెట్టుకున్న మేనేజరు మీదే దర్యాప్తు మొదటినుంచి మొదలెట్టాలి. మెరుపు ఉద్యోగం పోతుంది. చదవకుండా సంతకం పెట్టినందుకు పర్యవేక్షకుడి మీద విచారణ, తేలేదాకా పింఛను ఆగుతుంది. ఇవన్నీ వేళ్ళు మడుస్తూ నెమ్మదిగా చెప్పాడు, చిన్నపిల్లవాడికి పాఠం చెప్పినట్టు.

“ఒక్క అంకె అండీ,” అన్నాడు చివర్లో. “ఏడు కాదు, నాలుగు. లక్క మీద అంకె ఎలాగూ అలుక్కుపోయింది. చేతిరాత పొరపాటని ఒక సవరణ కాగితం రాయండి. మీ ఎర్ర సంతకం ఉంటే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?”

గుమాస్తా సంగతేమిటని అడిగాడు ఎర్రసిరా. అది కోర్టు చూసుకుంటుంది, మనం అన్నీ చూడలేం కదా అన్నాడు పెద్దసారు. కాఫీ చల్లారిపోయింది, తాగండి అన్నాడు. ఆయన తాగాడు.

గురువారం పగలంతా ఆయన ఆ సవరణ కాగితం రాశాడు. నాలుగే వాక్యాలు. వేరేవాళ్ళ తప్పులు ముప్ఫై ఏళ్ళు దిద్దిన చేతికి నాలుగు వాక్యాలు రాయడానికి ఆరు గంటలు పట్టింది. రాస్తే గుమాస్తా చస్తాడు, రాయకపోతే మెరుపు చస్తాడు, ఇద్దరి మధ్యా తను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని ఇంటికి బయల్దేరాడు. వరండాలో గుమాస్తా అక్క లేచి నిలబడింది. ఈసారి ఆయన కసరలేదు, ఆమె వైపు చూడలేదు కూడా.

ఇంట్లో భార్య స్టూలెక్కి అటక తుడుస్తోంది. ఆపరేషన్ అయినప్పటినుంచి ఆమెకి ఇల్లంతా దుమ్మే కనిపిస్తోంది. ఇన్నేళ్ళూ ఈ మురికిలో కాపరం చేశామా అని రోజూ ఆశ్చర్యపోతుంది. మీ మొహంలో ఇన్ని ముడతలున్నాయని ముందే తెలిస్తే కన్ను అలాగే ఉంచుకుందును కదా అని వేళాకోళం చేస్తుంది. ఆ సాయంత్రం మాత్రం ఆయన్ని చూసి స్టూలు దిగి చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆయన అంతా చెప్పాడు. ఆఖర్న, ఆ రోజు నీ ఆపరేషన్ లేకపోతే ఇంత దూరం వచ్చేది కాదు, చదివేవాణ్ణి అన్నాడు.

ఆమె తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. తర్వాత మెల్లగా అంది.

“నా కన్ను మీదికి తొయ్యకండి. ఆపరేషన్ మధ్యాహ్నం రెండింటికి. మీరు పదకొండింటికే వచ్చేశారు. మూడు గంటలు బయట కూర్చుని పేపరు చదివారు, గళ్ళనుడికట్టు కూడా పూర్తి చేశారు. నాకు కట్టు విప్పాక మీరే చూపించారు.”

అవును, చూపించాడు. అందులో కూడా ఒక్క గడి ఖాళీ లేదు. పింఛను ఆగుతుందేమో అన్నాడు. ఆగితే ఆగనీ, కుట్టుమిషను అటక మీదే ఉంది, ఇప్పుడు సూదిలో దారం నేనే ఎక్కించుకోగలను అంది. అని లేచి, మిగిలిన అటక తుడవడానికి వెళ్ళింది. ఆవిడకి భయం లేదని కాదు. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడవడం ఆయన చూశాడు.

శుక్రవారం పది గంటలకి ఎర్రసిరా నేలమాళిగకి దిగాడు. జేబులో కాగితం ఉంది. ఆయన ఇంకా ఏమీ తేల్చుకోలేదు, అది నిజం. నాలుగో నంబరు ముద్ర పన్నెండున ఎక్కడుందని తాళాలమ్మని అడిగాడు. ఇక్కడే ఉంది సార్, ఎవరూ తీసుకోలేదు అని రిజిస్టరు తిప్పి చూపించింది. నాలుగో నంబరు వరసలో పన్నెండో తేదీ గడిలో ఎడమనుంచి కుడికి తిన్నగా ఒక గీత. పదమూడులో గీత. పద్నాలుగులో గీత. అన్ని ముద్రలకీ, ఎవరూ తీసుకోని అన్ని రోజులకీ, నెల పొడుగునా గీతలే.

“ఇవేమిటి?”

“మీరే చెప్పారుగా సార్, నేను చేరిన కొత్తలో. ఖాళీ వదిలితే ఎవడో వచ్చి కూర్చుంటాడని. రోజూ సాయంత్రం తాళం వేసేముందు ఖాళీ గళ్ళన్నీ కొట్టేసి వెళ్తాను. పాతికేళ్ళుగా అదే చేస్తున్నా.” తాళాలగుత్తి ఒళ్ళోకి లాక్కుంది. “పెద్దసారు ఫోను చేశారు. గీత మీద రాయమంటే రాస్తాను సార్, నాకింకా రెండేళ్ళ సర్వీసుంది. పక్కన మీ ఎర్ర సంతకం పెట్టండి, చాలు.”

ఆమె నిజంగానే పెన్ను తీసి రిజిస్టరు మీద పెట్టి, ఆయన వైపు కాకుండా గోడవైపు చూస్తూ కూర్చుంది. ఎర్రసిరా ఆ గీతలకేసి చూశాడు. ఒకే మాట ఇద్దరికి చెప్పాడు. ఒకడు గడి నింపేశాడు, ఒకామె గడి మూసేసింది. ఇంతకాలం తనని ఎవరూ సరిగ్గా వినలేదని సణుక్కునేవాడు. విన్నది ఈవిడొక్కతే. ఆయనకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది, రెండూ తాళాలమ్మ ముందు బాగుండవని దగ్గాడు.

మెరుపు డైరీ పైనుంచి తెప్పించమన్నాడు. అక్కడే, ఆమె బల్ల మీదే, పన్నెండో తేదీ పేజీ తెరిచి, తన పాత ‘చూశాను’ని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన ‘చూడలేదు’ అని రాశాడు. కింద ఆ రోజు తేదీ, సమయం, సంతకం. పదమూడుకీ అలాగే. పద్నాలుగుకీ అలాగే. తర్వాత తెల్లకాగితం తీసుకుని ముద్ర సంగతి, సంచి సంగతి, గుమాస్తా చెప్పినా వాంగ్మూలంలోకి ఎక్కని మాటల సంగతి ఉన్నదున్నట్టు రాసి, గుమాస్తా మీద ఛార్జిషీటు వేయరాదని తేల్చాడు. జేబులోని సవరణ కాగితం దాని వెనకాలే గుచ్చాడు. అది కూడా తను రాసిందే కదా, కనపడాలి.

పెద్దసారు కాఫీ తెప్పించలేదు. చదివి, ఇది మీరు వెనక్కి తీసుకోవచ్చు, ఐదింటిదాకా టైముందన్నాడు. ఐదింటిదాకా ఎర్రసిరా తన గదిలో కూర్చున్నాడు. మూడుసార్లు ఫోను మోగింది, మూడుసార్లూ వద్దండీ అన్నాడు. నాలుగున్నరకి మెరుపు తలుపు సందులోంచి కనిపించాడు. లోపలికి రాలేదు, వెళ్ళలేదు. కొంతసేపు నిలబడి వెళ్ళిపోయాడు. వాణ్ణి పిలిచి ఏదైనా చెప్పాలనిపించింది, తండ్రిలా. ఏం చెప్పినా తప్పించుకున్నట్టే ఉంటుందని ఊరుకున్నాడు. ఐదు దాటింది.

శనివారం మధ్యాహ్నం గుమాస్తా అక్క బెంచీ దగ్గరికి మళ్ళీ వచ్చింది. సంచి లేదు. తమ్ముడు బయటికొచ్చాడని చెప్పడానికి వచ్చిందనుకున్నాడు ఎర్రసిరా. ఆవిడ వచ్చింది ఫిర్యాదు చెయ్యడానికి. గేటు తెరిచి పొమ్మంటే పోడు కదా సార్, వాడి పర్సూ గడియారమూ కవర్లో పెట్టిచ్చి సంతకం పెట్టమంటే, కవరుకి సీలు లేదు, సీలు వేస్తేగాని పెట్టనని గంటసేపు లోపలే నిలబడ్డాడు, వీడితో ఎలా వేగను అంది. అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన లేచి నిలబడ్డాడు. ఆవిడ మెట్లు దిగేదాకా నిలబడే ఉన్నాడు.

సోమవారం ముఖ్య కార్యాలయంనుంచి విచారణాధికారి వచ్చాడు. అప్పటికే మెరుపుకి సస్పెన్షను కాగితం అందింది. ఎర్రసిరా గదినే వాడుకోమన్నారు. అధికారి ఆయన కుర్చీలో కూర్చున్నాడు, ఆయన ఎదుటి కుర్చీలో. అటునుంచి చూస్తే గది ఇంకా చిన్నదిగా ఉంది, తలుపు సందు కూడా కనపడదు. అధికారి అడిగినవన్నీ చెప్పాడు. అధికారి అన్నీ రాసుకున్నాడు. ‘చదవకుండా సంతకం చేయుటకు కారణం’ అన్న గడి దగ్గర ఆగి, మేడమ్‌గారికి ఆ రోజు ఆపరేషన్ అని విన్నాను, అదే రాయమంటారా అని దయగా అడిగాడు. ఆ ఒక్క మాట రాస్తే పింఛను దక్కొచ్చని వేరే చెప్పనక్కర్లేదు.

వద్దన్నాడు ఎర్రసిరా.

మరేం రాయమంటారని అడిగాడు అధికారి. ఆయన ఆలోచించాడు. శిష్యుడి రాత మీద నమ్మకం అందామంటే నేరం వాడి మీదికి పోతుంది. పని ఒత్తిడి అందామంటే గళ్ళనుడికట్టు గుర్తొస్తోంది.

“ఖాళీ వదిలితే పైనుంచి వెనక్కి వస్తుంది సార్,” అన్నాడు అధికారి ఇబ్బందిగా.

“వస్తుంది, నాకు తెలుసు,” అన్నాడు ఎర్రసిరా. కాగితం ఇటు తిప్పుకుని, జేబులోంచి ఎర్రపెన్ను తీసి, ఆ గడిలో ఎడమనుంచి కుడికి తిన్నగా ఒక గీత కొట్టాడు. పక్కన పొడి సంతకం పెట్టి, అడుగున పూర్తి సంతకం చేసేముందు కాగితం మొదటినుంచి చివరిదాకా చదవడం మొదలుపెట్టాడు.